ముక్కు మూసుకో… చెవి తెరుచుకో!

విలన్ మనుషులు తరుముకొస్తున్నారు. ముందు కొండ అంచు, కింద లోయ, లోయలో నీళ్లు. కథానాయకుడు ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి, చిన్న నవ్వు నవ్వి, దూకేస్తాడు. హాల్లో ఈలలు, కాగితం ముక్కల వాన! ఆ తర్వాత కెమెరా కూడా నీళ్లలోకి దిగుతుంది. మనవాడు చేపపిల్లలా అడుక్కి, ఇంకా అడుక్కి పోతాడు. అక్కడో ఇనప్పెట్టె. అందులో వజ్రాలో, విలన్ గుట్టు బయటపెట్టే కాగితాలో… ఏవో ఒకటి ఉంటాయి.

ఇది ఏ చిత్రంలోదని అడక్కండి. ఇలాంటివి మీరూ చాలా చూసి ఉంటారు, నేనూ చూశాను. ఒక్క ప్రశ్న మాత్రం అడుగుతాను. ఆ హీరోగారు నీళ్లలో ముక్కు పట్టుకోగా మీరెప్పుడైనా చూశారా?

"నీళ్లలో ముక్కు పట్టుకోవడం దేనికండీ, ఊపిరి బిగబడితే చాలదా?" అంటారేమో. చాలదు సుమండీ! లోతుకు దిగేవాణ్ణి ముందుగా ఆపేది ఊపిరి కాదు, చెవి. ఊపిరి ఒక నిమిషం దాకా ఆగుతుంది. చెవి ఒక నిలువు లోతు దాకా కూడా ఆగదు.

ఈ సంగతి నాకు ఏ ఇంగ్లీషు పుస్తకంలోనూ తెలియలేదు. హాలియాలో ఒక వ్యవసాయ బావిలో తెలిసింది.

హాలియా తెలియనివారికి రెండు ముక్కలు. నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్ పోయే దారిలో ఉంటుంది మా ఊరు. సాగర్ ఎడమ కాలువ మా పక్కనుంచే పోతుంది. 1967లో కాలువలకు నీళ్లు వదిలాక పల్లపు భూములన్నీ పచ్చబడ్డాయి. మెరక మీద ఉన్న చేలకు మాత్రం బావే దిక్కు. మా పెద్దనాయినది మెరక చేను. అందులో బావి పెద్దది, రాతి కట్టడం, ఎండాకాలంలో కూడా మూడు నిలువుల నీళ్లు. వాడలో పిల్లలందరికీ ఈత నేర్పిన గురువు ఆ బావే. నడుముకు ఎండు సొరకాయ కట్టి తోసేవాళ్లు. వారం తిరిగేసరికి సొరకాయ మాయమయ్యేది, మనిషి తేలేవాడు. మా ఈత చదువంతా అంతే.

2001 ఎండాకాలం సెలవులు. మా ఆట ఏమిటంటే, తెల్లటి పలుగురాయి ఒకటి బావిలో వేయడం, అది అడుక్కి చేరాక మునిగి తీసుకురావడం. నాకు పదకొండేళ్లు. ఒక నిలువు దిగేసరికే చెవుల్లో సూదులు గుచ్చినట్టయి పైకి వచ్చేసేవాణ్ణి. పెద్దనాయిన కొడుకు, మా అన్న, నాకన్నా నాలుగేళ్లు పెద్ద. జుట్టు దువ్వడం దగ్గర్నుంచి నడక దాకా అంతా వెండితెర వ్యవహారమే! ఆ రోజు రెండుసార్లు మునిగి ఒట్టి చేతుల్తో వచ్చాడు.

"చెవులు పగులుతున్నయ్‌రా" అన్నాడు.

గట్టు మీద కూర్చున్న దోస్తులు ఊరుకుంటారా? "మగోనివైతే రాయి తీస్కరా! సిన్మల హీరో ఇట్లనే అంటడా?"

మూడోసారి మునిగాడు. ఎంతసేపటికీ రాలేదు. నీళ్లలో బుడగలు వచ్చాయి కానీ మనిషి రాలేదు. చివరికి ఒకడు దూకి, జుట్టు పట్టుకుని లాక్కొచ్చాడు. రాయి పిడికిట్లోనే ఉంది. ఎడమ చెవిలోంచి సన్నగా నెత్తురు.

తర్వాత అన్న చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తే. "నొప్పి బాగ లేసింది. ఇంకొంచెమే కద అని పోయిన. టప్పుమన్నది. సల్లటి నీళ్లు చెవుల జొచ్చినయ్. బాయి మొత్తం గిర్రున తిరిగింది. మీదేదో కిందేదో తెల్వలే."

ఆ గిర్రున తిరగడం వెనుక ఏముందో నాకు పదిహేనేళ్లు పోయాక అర్థమైంది. మన చెవి వినడానికి మాత్రమే కాదు, ఒళ్లు తూలకుండా నిలబెట్టేదీ అదే. ఆ తూకం చూసే భాగం లోపలి చెవిలో ఉంటుంది. కర్ణభేరి చిరిగి చల్లటి నీళ్లు లోపలికి పోతే ఆ తూకం తప్పి ప్రపంచం తిరుగుతుంది. గట్టు మీదైతే కళ్లు తిరిగి కూర్చుంటాం. మూడు నిలువుల నీళ్లలో ఎక్కడ కూర్చుంటాం చెప్పండి?

ఇంట్లో ఏం చేశారు? పాపం, తెలిసిందే చేశారు. పెద్దమ్మ వెల్లుల్లిపాయ వేసి నూనె కాచి, గోరువెచ్చగా చెవిలో పోసింది. చిరిగిన కర్ణభేరిని తడి తగలకుండా వదిలేస్తే చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే పూడుతుందట! మేము నూనె పోశాం, నాలుగు రోజులకే మళ్లీ బావిలో దూకాం. చీము పట్టింది. డాక్టరు దగ్గరికి పోయేసరికి ఆలస్యమైంది. అన్నకు ఆ చెవి సగమే వినిపిస్తుంది.

ఇంతకీ లోపల జరిగేదేమిటి?

కర్ణభేరి చిటికెన వేలి గోరంత పొర. మందమో, నోటుబుక్కు కాగితమంత. దాని బయటివైపు నీళ్లు, లోపలివైపు చిన్న గదిలో గాలి. మనం దిగేకొద్దీ నీటి బరువు పెరుగుతుంది. 10 మీటర్లు దిగితే గట్టు మీద ఉన్నదానికి రెట్టింపు ఒత్తిడి. మా బావి అడుగున, అంటే సుమారు నాలుగున్నర మీటర్ల లోతున, ఆ కాగితమంత పొర మీద పడే అదనపు బరువు లెక్కగడితే పావుకిలోకు పైమాటే. కాగితం మీద కొట్లోని పావుకిలో తూకం రాయి పెట్టి చూడండి, తెలుస్తుంది!

ఇక్కడో తమాషా ఉంది. లోతు ఎక్కువైతేనే చెవికి ప్రమాదమని మనం అనుకుంటాం. నిజానికి చెవికి గడ్డు కాలమంతా మొదటి 10 మీటర్లలోనే. గట్టు నుంచి 10 మీటర్లకు పోతే లోపలి గాలి సగానికి కుంచించుకుపోతుంది. అక్కణ్ణుంచి మళ్లీ సగం కావాలంటే 30 మీటర్ల దాకా పోవాలి. అందుకే నడిసముద్రం దాకా పోనక్కర్లేదు, హాలియా బావి చాలు.

దేవుడు ఊరికే వదల్లేదు లెండి. ఆ చిన్న గది నుంచి ముక్కు వెనక్కి ఒక సన్నటి గొట్టం పెట్టాడు. మూడున్నర సెంటీమీటర్ల పొడుగు. స్కూల్లో చదివే ఉంటారు, యూస్టేషియన్ నాళం. మామూలుగా మూసుకుని ఉంటుంది. మింగినప్పుడు, ఆవలించినప్పుడు టక్కున తెరుచుకుంటుంది. తిరుమల ఘాటు రోడ్డులో బస్సు దిగుతుంటే చెవులు మూసుకుపోయి, గుటక వేయగానే "టప్"మని విడిపోతాయి చూడండి, అదే ఇది. బస్సులో గుటకతో పోయే పని నీళ్లలో అంత సులువుగా కాదు. నీళ్లు బస్సుకంటే తొందరగా ఒత్తుతాయి. పైగా ఆ గొట్టం ముక్కు వైపు చివర కవాటంలా మెత్తగా ఉంటుంది. లోపలి గాలి బయటికి సులువుగా పోతుంది గానీ, బయటి గాలి లోపలికి రావాలంటే మనం తలుపు తట్టాలి. ఆలస్యం చేస్తే, మీటరు మీటరున్నర దాటేసరికే తలుపు బిగుసుకుపోవచ్చు. అప్పుడెంత ఊదినా తెరుచుకోదు.

తలుపు తట్టే పద్ధతిని చెప్పినవాడు ఇటలీ దేశపు వైద్యుడు వల్సాల్వా. 1704లో చెవి మీద రాసిన గ్రంథంలో చెప్పాడు. ముక్కు, నోరు మూసుకుని మెల్లగా గాలి ఊదడం. ఆయన ఉద్దేశం డైవింగు కాదు, చెవిలో చీము బయటికి నెట్టడం! లండన్‌లో చెవి వైద్యుడు టాయిన్‌బీ ముక్కు మూసుకుని గుటక వేయడం అనే పద్ధతికి తన పేరు ఇచ్చాడు. పాపం ఆయన 1866లో, చెవి హోరుకు మందు కనిపెట్టాలని క్లోరోఫాం ఆవిరి తనమీదే ప్రయోగించుకుని చనిపోయాడు. మూడోవాడు జర్మనీ వైద్యుడు ఫ్రెంజెల్. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాన్ని ఆకాశం నుంచి నిట్టనిలువునా దించే బాంబరు పైలట్లకు చెవులు పోకుండా ఒక కిటుకు నేర్పాడు. మనకు కావలసింది ముఖ్యంగా ఈ మూడోదే. ఆ సంగతికి వస్తాను.

నేను నేర్చుకున్నది విశాఖపట్నంలో. ఒక చిత్రం షూటింగు కబుర్లు రాయడానికి పోయాను. షూటింగు వాన వల్ల ఆగింది. రెండో రోజు తెరిపి ఇచ్చింది, మూడో రోజు సముద్రం నిమ్మళించింది. ఖాళీగా కూర్చోలేక రుషికొండలో డైవింగు నేర్పేవారి దగ్గరికి పోయాను. అన్న చెవి సంగతి మనసులో ఉందేమో, పడవలో కూర్చున్నంతసేపూ నా చెవులే తడుముకుంటున్నాను.

నేర్పేవాడు పాతికేళ్ల కుర్రాడు, మత్స్యకారుల ఇంటి బిడ్డ. నా వాలకం చూసి నవ్వాడు. "ఏటండీ భయపడతన్నారు? ముక్కెట్టుకోండి, ఊదండి, దిగండి. అంతే. నొప్పెట్టాక ఊదితే నాభం నేదండి. నొప్పెట్టకముందే ఊదాల. మీటరు దిగేలోపు రెండుపాల్లు."

నొప్పెట్టకముందే! నాకు చెంప మీద కొట్టినట్టయింది. మా బావి గట్టు మీద చదువంతా దీనికి తలకిందులు. నొప్పి వస్తే ఓర్చుకోవాలి, ఓర్చుకున్నవాడే మగాడు. ఈ కుర్రాడేమో నొప్పి వచ్చిందంటే నువ్వు అప్పటికే ఆలస్యం చేశావని చెబుతున్నాడు.

నీళ్లలో మాటలుండవు కనక సైగలు నేర్పాడు. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే అంతా బాగుందని. చెవి చూపించి అరచెయ్యి అటూ ఇటూ ఊపితే చెవి తెరుచుకోలేదని. బొటనవేలు పైకెత్తితే పైకి పోదామని. మాతో దిగిన ఒక కుర్రాడు రంగురంగుల చేప కనపడగానే ఆనందం పట్టలేక "సూపర్" అన్నట్టు బొటనవేలు ఎత్తాడు. అంతే, పట్టుకుని పైకి తీసుకుపోయారు పాపం! సినిమా పిచ్చిగల పాఠకులారా, ఈ సైగ విషయంలో జాగ్రత్త.

తాడు పట్టుకుని, కాళ్లు కిందికి పెట్టి దిగాం. తలకిందులుగా దిగేకంటే అలా దిగితేనే చెవి సులువుగా తెరుచుకుంటుంది. అరమీటరుకు ఒకసారి ముక్కు పట్టుకుని మెల్లగా ఊదాను. ఎడమ చెవి తెరుచుకుంది. కుడిది మొండికేసింది. పళ్లు బిగించి గట్టిగా ఊదబోయాను. కుర్రాడు నా చెయ్యి పట్టుకుని వద్దన్నట్టు వేలు ఊపాడు. అరమీటరు పైకి తీసుకుపోయాడు. తల ఎడమ భుజం మీదికి వంచమన్నాడు, మొండి చెవి పైకి చూసేటట్టు. మళ్లీ మెల్లగా ఊది గుటక వేశాను. కీచుమని సన్నటి చప్పుడు, తర్వాత "టప్"! ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ రోజు ఆరు మీటర్లు దిగాను. మా బావి కంటే లోతు. నొప్పి లేదు.

పైకి వచ్చాక అడిగాను, గట్టిగా ఊదితే ఏమవుతుందని. లోపలి చెవికి సన్నటి పొర కప్పిన కిటికీ ఒకటుంటుంది. మూసుకున్న చెవితో బలంకొద్దీ ఊదితే అది చిరగొచ్చు. కర్ణభేరి అయితే పూడుతుంది. ఈ దెబ్బకు వినికిడి శాశ్వతంగా పోవచ్చు, చెవిలో హోరు జీవితాంతం ఉండిపోవచ్చు. కనక ఊదడమంటే సబ్బు బుడగ ఊదినట్టే, బెలూన్ పగలగొట్టినట్టు కాదు.

ఇప్పుడు ఫ్రెంజెల్ కిటుకు. ఇది ఇంట్లో, అద్దం ముందు నేర్చుకోవచ్చు. ముక్కు మూసుకోండి. బరువు మూట ఎత్తబోయే ముందు గొంతు బిగబడతాం చూడండి, అలా గొంతు మూయండి. ఇప్పుడు నోట్లో ఉన్న కొంచెం గాలినే నాలుక వెనక భాగంతో పైకి నెట్టండి, "క్" అనబోయి ఆగినట్టు. చెవుల్లో చిన్నగా "టక్" అంటుంది. అద్దంలో గొంతుముడి పైకి లేవడం కనపడుతుంది. రెండో చెయ్యి పొట్ట మీద పెట్టుకోండి. పొట్ట కదిలిందంటే మీరు చేసింది వల్సాల్వా, ఫ్రెంజెల్ కాదు. మొదట్లో నాకు రెండు వారాలు రాలేదు. మా ఇంట్లో వాళ్లు నాకు పట్టిన జబ్బేమిటా అని చూశారు! పట్టుబడ్డాక మాత్రం గాలి బలం అక్కర్లేదు, నాలుక ఒక్కటి చాలు. ముక్కు కూడా పట్టుకోకుండా, ఆవలింత మొదలుపెట్టినట్టు కండరాలు కదిపి గొట్టం తెరవగలిగేవాళ్లూ కొందరున్నారు. తెర మీద మన హీరో ఆ కోవలోవాడో, లేక ముక్కు పట్టుకున్న ముక్క ఎడిటరుగారి కత్తెరకు పోయిందో, అది వారికే తెలియాలి.

ఊపిరి బిగబట్టి లోతుకు పోయే వీరుల కథే 1988లో వచ్చిన ఫ్రెంచి దర్శకుడు లూక్ బెస్సన్ చిత్రం 'ది బిగ్ బ్లూ'. అందులో నాయకుడి పాత్రకు మూలమైన జాక్ మాయోల్ 1976లో, 49 ఏళ్ల వయసులో, ఒకే ఊపిరితో 100 మీటర్లు దిగినవాడు. అక్కడ ఒత్తిడి 11 రెట్లు! అంత లోతున ఊపిరితిత్తుల్లో గాలి పిడికెడంతకు కుంచించుకుపోతుంది. దాన్ని పైకి ఊదడం వల్ల కాదు. అందుకే అలాంటి ఈతకు నాలుకతో నెట్టే విద్య కావాలి.

అంతదూరం ఎందుకు, మన విశాఖ కథే ఉంది. 2017లో వచ్చిన 'ఘాజీ' మీలో చాలామంది చూసే ఉంటారు. 1971 డిసెంబరు 3-4 రాత్రి విశాఖ తీరానికి దగ్గర్లో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి అది. సినిమా అక్కడితో అయిపోతుంది. ఆ తర్వాత అడుగున పడి ఉన్నది ఘాజీయేనా అని తేల్చడానికి మన నౌకాదళం డైవర్లు ఆ బురదనీళ్లలోకి దిగారు. అందులో పాలు పంచుకున్న నౌక పేరు నిస్తార్. అదే పేరుతో విశాఖ హిందుస్తాన్ షిప్‌యార్డులో కట్టిన కొత్త డైవింగు నౌక 2025 జూలైలో నౌకాదళంలో చేరింది. ఈ దిగినవాళ్ల మీద ఎవరైనా ఒక చిత్రం తీస్తే, మొదటి సీనులోనే ముక్కు పట్టుకోవడం చూపించాలని నా విన్నపం.

ఇది చదివి రేపే దూకేవాళ్లు ఉంటారని తెలుసు. ఆ వయసు నేనూ దాటి వచ్చినవాణ్ణే. జలుబు ఉన్న రోజు దిగొద్దు. ముక్కులో చుక్కలు వేసుకుని దిగితే సరిపోతుందంటారు కొందరు. మందు బలం నీళ్లలో ఉండగానే తగ్గిందా, పైకి వచ్చేటప్పుడు లోపలి గాలి ఇరుక్కుని అదో నరకం. చెవుల్లో దూదిగానీ బిరడాగానీ పెట్టొద్దు, వాటికీ కర్ణభేరికీ మధ్య గాలి చిక్కుకుంటుంది. చెవిలో ఇంతకు ముందు చీము కారినా, ఆపరేషన్ అయినా ముందు చెవి డాక్టరుకు చూపించాలి. దిగాక నొప్పి ఉండి, వినికిడి తగ్గి, కళ్లు తిరిగితే నూనె సీసా ముట్టొద్దు, డాక్టరు దగ్గరికే. ఒంటరిగా దిగొద్దు. మా హాలియా తమ్ముళ్లకు ఇంకొకటి. సాగర్ కాలువలో ఈ ప్రయోగాలు ఒద్దు. అక్కడ చెవి దాకా పోనే పోదు. ఏటవాలు కాంక్రీటు గట్టు నాచు పట్టి జారుతుంది, నీటి వడి మనిషిని నిలవనీయదు.

మొన్న సంక్రాంతికి ఊరికి పోయాను. రాత్రి అన్నతో కలిసి సెకండ్ షోకి బయల్దేరాం. వెంట వాడి కొడుకు, పన్నెండేళ్లవాడు. హాల్లో మధ్య సీట్లు ఖాళీగా ఉన్నా అన్న ఎడమ గోడ పక్క సీటుకే పోయాడు. ఎప్పుడూ అక్కడే కూర్చుంటాడు. అలాగైతే మంచి చెవి హాలు వైపు ఉంటుంది.

ఇంటర్వెల్లో సమోసా తింటూ పిల్లాడు నన్ను అడిగాడు. "బాబాయ్, బావిల రాయి తీసుడు నాకు రాదు. చెవులు నొస్తయ్. నాయిన్నడిగితే తిడ్తుండు. నువ్వు నేర్పుతవా?"

నేను వాళ్ల నాన్న వైపు చూశాను. ఆయనకు ఆ వైపు నుంచి మాట వినపడలేదు. కుర్రాడే లేచి కుడివైపుకు పోయి మళ్లీ అడిగాడు. అన్న కొంచెంసేపు తెర వైపే చూశాడు. ఆట మొదలు కాబోతుంటే అన్నాడు, "రేపు పొద్దుగాల పోదాం. నేను గట్టు మీద కూసుంట. ముందుగాల వానికి ముక్కు పట్టుకునుడు నేర్పు."